యుద్ధకాలపు ఆసుపత్రులలో పూర్వికుల జాడ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



వంశచరిత్ర యనగానే అది రాజులదియు, జమీందారులదియు మాత్రమే యని తలచువారు పెక్కుమంది కలరు. కాని దూరదేశమున గాయపడి, పరాయి ఆసుపత్రి మంచముపై నెలలు గడపి, తిరిగివచ్చి మరల నాగలి పట్టిన సిపాయికిని చరిత్ర కలదు. అట్టివారి జాడ తీయు విధమే నేటి ప్రసంగ విషయము.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభము కాగానే భారతసైన్యము ఫ్రాన్సుకు తరలెను. అచ్చట గాయపడినవారికై ఇంగ్లండు దక్షిణతీరమందలి బ్రైటన్ పట్టణమున ఆసుపత్రులు నెలకొల్పిరి. వానిలో ప్రసిద్ధమైనది రాయల్ పెవిలియన్. అది గుమ్మటములతో నొప్పు పూర్వపు రాజభవనము. 1914 డిసెంబరు మొదలు 1916 జనవరి వరకు అందు భారత సిపాయిలకు చికిత్స జరిగెను. వారి వారి ఆచారములకు భంగము రాకుండ తొమ్మిది వంటశాలలు, హిందువులకు మహమ్మదీయులకు వేర్వేరు నీటి కుళాయిలు అమర్చిరి. జమాదారు మీర్ దస్త్ 1915 ఆగస్టులో ఐదవ జార్జి చక్రవర్తి చేతులమీదుగా విక్టోరియా క్రాసు నందుకొనినది అచ్చటనే.

రాజుగారు తన మేడనే సిపాయిలకు విడిచి యిచ్చెనను భావమును నాడు ప్రచారము చేసిరి. నిజమునకు ఆ భవనమును 1850లోనే పట్టణమువారు కొనియుండిరి. అదే పట్టణమున బీదల శాలను మార్చి నెలకొల్పిన కిచెనర్ ఆసుపత్రిలో రోగులను స్వేచ్ఛగా బయట తిరుగనీయలేదు. కావున ఇంటిలో చెప్పుకొను కథనుగాని, ప్రభుత్వపు వ్రాతనుగాని ఒక్కదానినే నమ్మరాదు, రెంటిని సరిచూడవలెను.

1915 చివర పదాతిదళములను మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, తరలించిరి. బాటలు, వంతెనలు నిర్మించు మద్రాసు సాపర్సు అండ్ మైనర్సు దళమువారును అచ్చట పనిచేసిరి. ఆ దళమున తెలుగువారు కలరు. అచ్చటి వైద్యసదుపాయములు మిక్కిలి హీనముగా నుండెను. గాయపడినవారిని స్ప్రింగులు లేని బండ్లపై మోసి, నదిపడవలలో బస్రాకు చేర్చిరి. ఈ దుస్థితిని విచారించిన సంఘముయొక్క నివేదిక 1917లో వెలువడెను. బస్రానుండి ఆసుపత్రి ఓడలు బొంబాయికి వచ్చెడివి. మద్రాసు రాజధానివారి చందాలతో ఏర్పడిన ఆసుపత్రి ఓడకు 'మద్రాసు' అనియే పేరు. కనుక తెలుగు సిపాయి జాడను బ్రైటనులోనే గాక బస్రా, బొంబాయి దారిలోను వెదకవలెను.

విచిత్రమేమనగా, మరణించినవాని జాడ కొంత సులభము. బ్రతికి వచ్చినవాని జాడయే కష్టము. మృతుల వివరములు కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘమువారి జాబితాలలో దొరకును. బ్రైటన్ సమీపమున 53 మంది హిందూ, సిక్కు సిపాయిలకు దహనసంస్కారము జరిగిన చోట నిర్మించిన ఛత్రి 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరింపబడెను. అయితే బస్రా స్మారకముపై సామాన్య భారత సిపాయిలను పేర్లతో గాక సంఖ్యతోనే సూచించిరి. స్మారకములయందు ఇట్టి అసమానత జరిగెనని 2021లో ఆ సంఘమే ఒప్పుకొనెను.

బ్రతికినవారి ఆసుపత్రి రిజిస్టర్లలో అధికభాగము నశించెను. మాదిరికై నిలిపిన కొద్దిభాగము లండనులోని నేషనల్ ఆర్కైవ్సులో కలదు. సిపాయిలు ఇంటికి వ్రాసిన జాబులనుండి సెన్సారు అధికారులు తీయించిన అనువాద భాగములు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. నాటి సైనికశాఖ కాగితములు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమున కలవు.

అయినను వెదకుట ఇంటి పెట్టెనుండియే ప్రారంభింపవలెను. ఆ యుద్ధమునకు ఇచ్చిన వెండి పతకపు అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, దళము చెక్కబడియుండును. తెలుగు పేరు ఇంగ్లీషు వ్రాతలో పలువిధముల మారును, ఇంటిపేరు కనబడకపోవచ్చును. అందుచే పేరుకంటె నంబరు, దళము ముఖ్యములు. ఆ పతకమును వెండిగా తూచి అమ్మినచో, ఆ యింట మిగిలిన ఏకైక ఆధారము కరగిపోవును.

పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము సైనికుల గ్రామమై 'మిలిటరీ మాధవరము' అని పేరొందెను. సిపాయిలు వెడలిన గ్రామములు ఇంకను గలవు. ప్రతి గ్రంథాలయమును ఒక పుస్తకము తెరచి, ఊరి సిపాయిల పేర్లు, నంబర్లు, పతకముల వివరములు, వృద్ధులు చెప్పు మాటలు, చెప్పినవారి పేరుతో, తేదీతో వ్రాసియుంచవలెను. పుస్తకములు దాచుట గ్రంథాలయ ధర్మమే. పుస్తకముల కెక్కని వారి పేర్లు దాచుటయు దాని ధర్మమే. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ ఆ కార్యమునకు పూనుకొని చిరకాలము వర్ధిల్లుగాక!