సూర్యవిద్యుత్తు – జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



అరణ్యవాసమున నున్న ధర్మరాజునకు సూర్యభగవానుడు అక్షయపాత్ర నొసగిన కథ ఎల్లరకు తెలిసినదే. ఆ పాత్రకు ఒక కట్టుబాటు కలదు. ద్రౌపది భుజించువరకే అది ఎందరికైనను వడ్డించును; ఆమె భోజనమైన పిమ్మట మరునాటి వరకు దానియందేమియు నుండదు. దుర్వాసుడు శిష్యగణముతో వేళ మించి వచ్చి పెట్టిన చిక్కు అదియే. ఇంటికప్పుపై అమర్చు సౌరఫలకములకును ఇట్టి కట్టుబాటే కలదు. పగలెల్ల వడ్డించును, ప్రొద్దు గ్రుంకినచో పాత్ర కడిగి బోర్లించినట్లే. ఒక్కటే భేదము. ధర్మరాజునకు పాత్రయు ఉచితముగనే దొరకినది. ఇప్పటివారికి భోజనము ఉచితము, పాత్ర మాత్రము కొనవలసినది. ఆ పాత్ర ఖరీదును పేదవాడెట్లు తెచ్చును, ఊరుమ్మడి కట్టడము ఎట్లు తెచ్చును అనునదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా వస్తువు స్వరూపము తెలియవలెను. ఒక కిలోవాటు ఫలకములకు నీడ పడని చోటు సుమారు 100 చదరపుటడుగులు కావలెను. వాన, మబ్బు, ధూళి అన్నియు కలిపి సరాసరి చూచినచో దినమునకు 4 యూనిట్లు, సాలునకు 1,400 యూనిట్లు పుట్టును. ఫలకములకు సామాన్యముగా 25 ఏండ్ల హామీ యిత్తురు. అనగా సరిగా ఒక రజతోత్సవ కాలము. దాని సరసనుండు ఇన్వర్టరు అంతకాలము మన్నదు. పదేండ్లకో, ఆపై రెండు మూడేండ్లకో మార్చవలసి వచ్చును. ఈ రెండవ మాటను అమ్మువారు మెల్లగా చెప్పుదురు. కొనువారు అసలే వినరు.

కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ‘పి.ఎం. సూర్యఘర్’ అను పథకమును ఆరంభించినది. కోటి ఇండ్లు లక్ష్యము. కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడవదానికి 18,000, వెరసి 78,000 రూపాయల వరకు ఒక ఇంటికి సాయము లభించును. ప్రభుత్వము వేసిన లెక్క ప్రకారము 3 కిలోవాట్ల ఖరీదు 1,45,000. సాయము పోగా 67,000 మిగులును. దీనికి బ్యాంకులు తనఖా లేకుండ అప్పిచ్చు ఏర్పాటున్నది. సాలుకు నూటికి 7 వడ్డీతో పదేండ్ల గడువనుకొన్నచో నెలవాయిదా సుమారు 780 రూపాయలగును. నెలకు 300 యూనిట్లు కాల్చు ఇంటికి తగ్గు బిల్లు ఈ వాయిదాను మించును. కనుక ఆ గృహస్థు సంకోచింప పనిలేదు.

అయితే ఈ లెక్క ఎవరింట చెల్లును? సొంత ఇల్లు, గట్టి మిద్దె, తన పేర మీటరు, నెలనెల పెద్ద బిల్లు గలవానింట చెల్లును. ఈ నాలుగింటిలో ఒక్కటి లేకున్నను లెక్క తప్పును. అద్దెకున్నవానికి మిద్దె తనది కాదు. పూరిపాక ఫలకముల బరువు మోయదు. ఇక నెలనెల బిల్లే రానివాని సంగతి విచిత్రమైనది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితము. తెలంగాణమున 2024 నుండి గృహజ్యోతి పథకము క్రింద తెల్లకార్డు గల ఇండ్లకు అట్లే 200 యూనిట్లు ఉచితము. ఇట్టివాడు అప్పుచేసి ఫలకములు పెట్టించినచో బిల్లు సున్న నుండి సున్నకు తగ్గును, వాయిదా మాత్రము నెలనెల వచ్చి నిలుచును! లాభించునది ఎవరు? అతని బిల్లును ఇంతవరకు భరించుచున్న ప్రభుత్వము.

ఎవరి బిల్లు తగ్గునో వారే వాయిదా కట్టవలెను. జమాఖర్చు పుస్తకము ఎరిగినవారికి ఇది క్రొత్త మాట కాదు, కాని పథకములు వ్రాయుచోట తరచు మరుగున పడుచున్నది. 2024 డిసెంబరులో కేంద్రము ప్రకటించిన నియమములు ఈ దోషమును కొంత సవరించినవి. వాని ప్రకారము విద్యుత్తు పంపిణీ సంస్థయే గాని, వేరొక కంపెనీయే గాని పెట్టుబడి పెట్టి ఇంటికప్పుపై ఫలకములు బిగింపవచ్చును. కనీసము ఐదేండ్ల గడువు తీరిన పిమ్మట అవి ఇంటివానివగును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో షెడ్యూల్డు కులముల, తెగల ఇండ్లపై 2 కిలోవాట్ల చొప్పున ఉచితముగా అమర్చు కార్యక్రమమును ఈ మార్గముననే చేపట్టినది. ఇది దానమువలె కనబడును గాని సరియైన లెక్కయే.

పేదవానికి అప్పు ఇచ్చుటలో మరొక మెలకువ కలదు. కర్ణాటకమున 1995లో ‘సెల్కో’ సంస్థను స్థాపించి, 2011లో మెగసెసే పురస్కారము నందుకొనిన హరీశ్ హందే తాను దానిని ఒక వీధి వ్యాపారినివలన నేర్చుకొంటినని చెప్పుచుండును. నెలకు 300 రూపాయలనగా ఆ వర్తకురాలికి భారముగా తోచెనట. దినమునకు 10 రూపాయలనగా సరియే ననెనట. గుణించి చూచిన రెండును ఒక్కటే. కాని ఆమె రాబడి సాయంకాలమునకు చేతికి వచ్చునది, నెలాఖరునకు నిల్వయుండునది కాదు. కూలివానికి దినవాయిదా, పాలు పోయువానికి పదిదినముల వాయిదా, రైతునకు పంట వాయిదా అమరిననే అప్పు తీరును. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగపు ప్రోత్సాహముతో కెనరా బ్యాంకు, సిండికేట్ బ్యాంకు దక్షిణదేశమున వడ్డీ తగ్గించి సౌరదీపములకు అప్పులిచ్చినవి. (ఆ రెండవ బ్యాంకు 2020లో మొదటిదానియందు లీనమైనది.) కొలది యేండ్లలో 19 వేలకు పైగా ఇండ్లకు అప్పులు ముట్టినవి. వడ్డీ రాయితీని క్రమముగా తగ్గించినను అప్పులాగలేదు. బ్యాంకు గుమాస్తాలకు ఈ వ్యాపారము తెలిసివచ్చుటయే దానికి కారణము.

ఇక ఒక గ్రామము సంగతి. తెలంగాణమున నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లెలో 2025 నాటికి 514 ఇండ్లలో 480 ఇండ్లపై తలకు 3 కిలోవాట్లు, 11 ప్రభుత్వ కట్టడములపై 60 కిలోవాట్లు అమర్చినారు. ఖర్చు పదికోట్ల పైచిలుకు. కేంద్ర సాయము కొంత, ఒక కంపెనీ సామాజిక నిధి కొంత కలిసి వచ్చినవి. అది ముఖ్యమంత్రి స్వగ్రామము. అట్టి భాగ్యము ప్రతి పల్లెకు పట్టదు. కావున దానిని చూచి సంతోషింపవచ్చును గాని దాని పద్దును ఇతర గ్రామములు అనుకరింపజాలవు. అచ్చట కూడ 34 ఇండ్లు మిగిలినవి. అట్టి ఇండ్లకు ఒక దారి కలదు: ఊరుమ్మడి కట్టడముపై పుట్టిన యూనిట్లను మిద్దెలేనివారి బిల్లులలో పంచి జమకట్టుట. ఢిల్లీ విద్యుత్తు నియంత్రణ సంఘము 2019లోనే ఇట్టి పంపకమునకు నియమములు వ్రాసినది. పాఠశాల మిద్దె పెద్దది, దాని ఖర్చు చిన్నది, వేసవి సెలవులలో సున్న. ఎండ మెండుగా నుండునది ఆ దినములందే.

ఇప్పుడు గ్రంథాలయము వంతు. 2019కి పూర్వము పాఠశాలలకు, ఆసుపత్రులకు, సేవాసంస్థలకు కూడ నూటికి 30 వంతుల కేంద్ర సాయముండెడిది. 2019 నుండి సాయము నివాసగృహములకే పరిమితమైనది. ప్రభుత్వ కట్టడములను ప్రభుత్వము చూచుకొనును. చందాదారులు నడపు గ్రంథాలయము ఇల్లు కాదు, కచేరీ కాదు. రెండు తలుపుల నడుమ గుమ్మమున నిలిచినది. భజనమందిరము, మహిళా సంఘపు గది కూడ ఆ గుమ్మముననే యున్నవి.

అట్టి గ్రంథాలయమునకు ఎంత కావలెనో చూడుడు. 70 వాట్ల పంకాలు ఆరు, దినమునకు 8 గంటలు. 20 వాట్ల దీపములు నాలుగు, 4 గంటలు. 150 వాట్ల కంప్యూటరొకటి, 6 గంటలు. మొత్తము దినమునకు నాలుగున్నర యూనిట్లు. ఒక కిలోవాటుతో దాదాపు సరిపోవును. దాత పేరు దూరమునకు కనబడవలెనని 5 కిలోవాట్లు బిగించినచో మిగులు యూనిట్లు తీగలోనికి పోవును. వానికి వచ్చు ధర, కొను ధరకంటె తక్కువ.

ఖరీదు 60,000 అనుకొనుడు. సగము విరాళములు, సగము అప్పు. 30,000 అప్పుకు నూటికి 10 వడ్డీతో ఐదేండ్లకు నెలకు సుమారు 637, అనగా సాలుకు 7,650 రూపాయలు. మిగులు బిల్లు, యూనిట్‌కు 7 రూపాయల చొప్పున 1,400 యూనిట్లకు 9,800. ఇన్వర్టరు నిధికి నెలకు 150 చొప్పున సాలుకు 1,800 తీసి ప్రక్కన పెట్టవలెను. పదేండ్లకు 18,000 అగును. ఇవి పోగా సాలుకు మిగులునది 350 రూపాయలు. ఫలకములు కడుగు కుఱ్ఱవానికి పండుగ బహుమానమునకు చాలును! ఆరవయేట అప్పు తీరిన పిదప ఆ 7,650 పుస్తకములకు పోవును. విరాళము ఒక్క రూపాయి కూడ రానిచో వాయిదా రెట్టింపై తగ్గు బిల్లును మించిపోవును; అప్పుడు గడువు పదేండ్లు కావలెను. బ్యాంకులు ఊరి సంఘములకు అంత గడువు ఇయ్యజాలకున్న కంపెనీ పెట్టుబడి పెట్టి యూనిట్‌కు ఇంతయని పుచ్చుకొను పద్ధతి యొకటి యున్నది. కాని ఒక కిలోవాటు కొరకు ఏ కంపెనీయు పల్లెకు రాదు. బడి, గ్రంథాలయము, సహకార సంఘము, ఆరోగ్యకేంద్రము కలిసి ఒక్క మూటగా అడిగినచో రావచ్చును.

వాటాల పద్ధతి మరొకటి. లండను నగరమున బ్రిక్స్‌టన్ పేటలో కూలీనాలీ జనులుండు ప్రభుత్వపు అద్దె మేడపై 2012లో 37 కిలోవాట్ల ఫలకములను స్థానికులు సహకార వాటాలతో 75,000 పౌనులు పోగుచేసి అమర్చుకొనిరి. లాభములో కొంత ఆ పేటలోని ఇండ్ల ఇంధన పొదుపునకు కేటాయించిరి. అప్పుడు ఆ దేశప్రభుత్వము యూనిట్‌కు నిర్ణీత ధర హామీ యిచ్చుచుండెను. 2019లో క్రొత్తవారికి ఆ హామీ నిలిచిపోయినది. కనుక దానిని మక్కికి మక్కి దించుకొనరాదు. వాటాదారు నిద్రపోడు అనునంతవరకు గ్రహింపవచ్చును.

ఈ దేశమున ఉమ్మడి పెట్టుబడికి ఇంకను పాత దారి కలదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. కాళిదాసు రఘువంశమున దిలీపుడు గైకొను పన్నును సూర్యుడు గ్రహించు నీటితో పోల్చినాడు. పీల్చినదానికి వేయిరెట్లుగా తిరిగి కురియుట అచ్చటి భావము. ఆ 8 పైసలలో ఒక పాలు గ్రంథాలయముల మిద్దెలపైకి ఎక్కినచో ఆ ఉపమానము సార్థకమగును. చందాల గ్రంథాలయములకు కూడ అందులో ఒక వంతు, కనీసము మొదటి సగము విరాళముగా, దక్కవలెనని జిల్లా గ్రంథాలయ సంస్థల నడుగుట న్యాయమే.

నడుపుట సంగతి విడిచినచో పెట్టుబడి అంతయు వ్యర్థము. బీహారు రాష్ట్రమున జహనాబాదు జిల్లా ధర్నై గ్రామములో 2014లో 100 కిలోవాట్ల సౌరవిద్యుత్తు ఏర్పాటును ఎంతో ఆర్భాటముగా నెలకొల్పినారు. త్వరలోనే ఊరికి తీగల కరెంటు వచ్చినది. దానికంటె సౌరవిద్యుత్తు ధర అధికము. బ్యాటరీలు చెడినవి, వానిని మార్చుటకు నిధి లేదు. కొన్ని యేండ్లకే అది మూలపడినది. ఆ ఊరివారి తప్పు వెదకుట కంటె, ఆరవయేటి ఖర్చు మొదటియేటి కాగితములలో ఎందుకు లేదని అడుగుట మేలు.

మరియొక హెచ్చరిక. తీగలతో కలిపిన ఏర్పాటున కరెంటు పోయినచో, మిట్టమధ్యాహ్నపు టెండలో కూడ ఫలకముల కరెంటు ఆగిపోవును. స్తంభమెక్కిన లైనుమాను ప్రాణరక్షణకై ఇన్వర్టరు తానే ఆగునట్లు చేయబడినది. పాఠకులు దీనిని మోసమనుకొని కార్యదర్శిపై విరుచుకుపడుదురు. కరెంటు పోయినను పంకా తిరుగవలెనన్నచో బ్యాటరీ వేరుగా కొనవలెను. పైన చెప్పిన లెక్కలో దాని ఖరీదు చేరలేదు.

మీటరు ఎవరి పేరనున్నదో ముందు చూచుకొనవలెను. అనేక గ్రంథాలయములలో అది గతించిన దాత పేరనే యుండును. పేరు మార్పు కానిదే పంపిణీ సంస్థ దరఖాస్తు గైకొనదు. సంఘము రిజిస్టరు కానిదే బ్యాంకు అప్పీయదు. కార్యవర్గము వచ్చు సమావేశమునకు గడచిన పండ్రెండు నెలల బిల్లులు, సంఘపు రిజిస్ట్రేషను పత్రము, ఇంటిపన్ను రసీదు, మిద్దె కొలతలు తీసికొని వచ్చుట చాలును. మేస్త్రీని పిలిచి మిద్దె బలమును చూపించుట ఆ తరువాతి వారపు పని.