ఏ కుంచంతో కొలిచారు?



విజయనగరంలో మాట్లాడుతున్నాను కాబట్టి గిడుగు రామమూర్తి పంతులుగారితోనే మొదలుపెడతాను. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఈ ఊళ్లోనే మహారాజావారి బడిలో చదివి 1879లో మెట్రిక్ గట్టెక్కారు. ఆపైన చదువు సాగలేదు. మరుసటి ఏడే పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిపోయారు. ఉద్యోగం చేసుకుంటూనే 1886లో ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, ఇంకో పదేళ్లకు 1896లో బి.ఏ. ప్రైవేటుగా పూర్తిచేశారు. మీరంతా ఆయన్ని వాడుక భాష కోసం తలుచుకుంటారు. పరీక్షల విభాగంలో కాగితాలు తిప్పి తిప్పి నెరిసినవాణ్ణి, నా కన్ను మాత్రం ఆ పదేళ్ల ఎడం మీద పడుతుంది. పదేళ్లయినా ఆయన ఎఫ్.ఏ. చెల్లింది.

ఈ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల ఆమదాలవలస నుంచి ఒక తల్లి వచ్చి నన్నొక ప్రశ్న అడిగింది. "బాబూ, మా గుంట పీజీ ఒక ఏడు సదివింది. పెళ్లి సేసి హైదరాబాదు పంపినాం. ఆ ఏడు సదువు ఏటైపోద్ది?" ఇన్నేళ్లలో క్రెడిట్ల బదిలీ గురించి ఇంతకంటే సూటి ప్రశ్న నేను వినలేదు.

ముందు క్రెడిట్ అంటే ఏమిటో చూద్దాం. అది చదువుకు కొలత. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టరంతా వింటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండేసి గంటలు చెయ్యాలి. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ఇంటి దగ్గర చదువుకున్న వేళ కూడా కలిపి 30 గంటలకు ఒక క్రెడిట్ అంది, ఏడాదికి 40 అంది. అలా మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160.

కొలత ఉంది కదా, ఇక గొడవేమిటి అంటారు. మన తాతల కాలంలో కుంచం అన్ని ఊళ్లలోనూ ఒక్కటేనా? యూరప్‌లో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. అమెరికాలో పీజీ మొత్తం కలిపి 30 చుట్టూ ఉంటుంది. "మావాడికి ఇక్కడే 40 వచ్చాయి, అక్కడ 30 చాలట, ఇంకా పది మిగులుతాయి" అని ఒక తండ్రి సంబరపడితే నాకు ఏం చెప్పాలో తోచలేదు. కుంచాలు కలిసినా ఇంకో పేచీ ఉంది. లోపల పోసింది స్వర్ణా, సాంబ మసూరా అని కొనేవాడు గుప్పెడు తీసి చూస్తాడు. విశ్వవిద్యాలయమూ అంతే. మీ అబ్బాయి చదివిన పేపరూ, వాళ్ల దగ్గరున్న పేపరూ యూనిట్ యూనిట్ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

2021 జూలైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. డిజిలాకర్‌లో పన్నెండంకెల ఖాతా, క్రెడిట్లు కాలేజీవాళ్లే ఎక్కిస్తారు. మంచి ఏర్పాటే, పేరే తప్పుదారి పట్టిస్తోంది. బ్యాంకులో వేసిన వంద రూపాయలు ఏ కొట్లోనైనా వందే. ఈ బ్యాంకు మీ చదువును భద్రంగా దాచిపెడుతుందే గాని, ఫలానావాళ్లు దీన్ని తీసుకోవాల్సిందే అని ఎవరినీ నిలదీయదు. పైగా సగం క్రెడిట్లయినా పట్టా ఇచ్చేచోటే సంపాదించాలి. ఒక పట్టాకు వాడేసినవి ఇంకో పట్టాకు పనికిరావు. దాచుకున్నవి మహా అయితే ఏడేళ్లు చెల్లుతాయి. పంతులుగారి పదేళ్లు ఈ లెక్కలో ఇమడవు!

ఆ తల్లికి నేను చెప్పింది ఇది. యూజీసీ 2024లో పీజీకి ఇచ్చిన చట్రం ప్రకారం రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది ముగించి వెళ్లిపోయేవారికి పీజీ డిప్లొమా ఇవ్వాలి. చదివిన చోట ఆ నిబంధన అమల్లో ఉందో లేదో ముందు కనుక్కోమన్నాను. హైదరాబాదులో ఫీజు కట్టకముందే, అక్కడి శాఖాధిపతి చేత ఏ పేపర్లు ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోమన్నాను. నోటిమాట వద్దు. నోటిమాట ఇచ్చినాయన బదిలీ అయిపోతే మాటా ఆయనతోనే పోతుంది.

ఆ అమ్మాయికి అడ్డుపడింది నిబంధన కాదు, సిలబస్. తను చదివిన ఏటి సిలబస్ ముద్రతో తెమ్మన్నారు హైదరాబాదువాళ్లు. చదివిన కాలేజీలో, పేరు వద్దులెండి, కొత్త సిలబస్ వచ్చాక పాతది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చివరికి తోటి విద్యార్థిని ఇంట్లో అటక మీద దొరికింది. మీ పిల్లలు పరీక్షలయ్యాక పుస్తకాలు తూకానికి వేస్తారు కదా, సిలబస్ కాగితాలు మాత్రం పక్కన పెట్టండి.

ఆన్‌లైన్‌లో చదివే స్వయం కోర్సుల గురించి కూడా అడుగుతున్నారు. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అలా చదవనివ్వొచ్చు. ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో పన్నెండు వారాల కోర్సుకు సాధారణంగా మూడు క్రెడిట్లు. పాలకొండ దాటిన పల్లెలో కూర్చుని ఐఐటీ పాఠం వినడం చిన్న విషయం కాదు. కాకపోతే మీ విశ్వవిద్యాలయం ఆ కోర్సును ముందే ఒప్పుకుని ఉండాలి. కోర్సు ముగించి సర్టిఫికెట్ పట్టుకొచ్చి బతిమాలితే గుమాస్తా ఏం చేస్తాడు?

అమెరికా వెళ్లేవారికి ఒక్క మాట. అక్కడ చాలాచోట్ల బదిలీకి ఆరు నుంచి తొమ్మిది క్రెడిట్లే ఒప్పుకుంటారు. అవీ పీజీ స్థాయివి కావాలి, బి గ్రేడుకు తగ్గకూడదు, అంతకుముందు ఏ పట్టాకూ వాడి ఉండకూడదు. ఇక్కడి ఎం.టెక్. పట్టా చేతిలో పెట్టుకుని అందులో సగం అక్కడ కలుపుకుందామంటే కుదరదు.

చిట్టచివరి తంటా పేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరం ఉంటుంది. ఒకచోట అప్పలనాయుడు, ఇంకోచోట అప్పల, నాయుడు విడివిడిగా. మనకు మనిషి ఒకడే. కంప్యూటర్‌కు ఇద్దరు, క్రెడిట్లు ఖాతాలో పడవు. ఆధార్, టెన్త్ మెమో వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి, ప్రశ్నలకు ముందు అవి చూసేద్దాం.