చిన్న సంతోషాలను చిన్నచూపు చూడవద్దు
(పెన్షనర్ల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనుక 30 ఏళ్లు పనిచేసి రిటైరైన ఫార్మసిస్టును. మానసిక వైద్య విభాగం చీటీలు కూడా మా కిటికీకే వచ్చేవి. రోగి వెంట వచ్చినవారు తరచుగా అనే మాట ఒకటుంది. "నిన్న మనవడితో నవ్వుతూ ఆడుకున్నారండీ. ఇవాళ మంచం దిగనంటున్నారు. ఇది జబ్బా, నటనా?" ఈ ప్రశ్న గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

కుంగుబాటు ప్రధానంగా రెండు రకాలు. మనిషి కుంగిపోవడం, తేరుకోవడం మాత్రమే ఉంటే యూనిపోలార్ అంటారు. ఎప్పుడో ఒకప్పుడు అతి ఉత్సాహపు దశ కూడా వచ్చి ఉంటే అది బైపోలార్. పూర్వం ఈ రెండింటినీ ఒకే పద్దు కింద జమకట్టేవారు. వేరుచేసి చూడాలని 1957లో జర్మన్ వైద్యుడు కార్ల్ లియొన్‌హార్డ్ ప్రతిపాదించాడు.

దేనిలోనూ ఆసక్తి, ఆనందం లేకపోవడం కుంగుబాటుకు ముఖ్య లక్షణం. అయితే సంతోషం బొత్తిగా ఇంకిపోతుందా? 2003లో నెదర్లాండ్స్‌లోను, 2011లో అమెరికాలోను పరిశోధకులు కుంగుబాటు ఉన్నవారిచేత, వారి మామూలు దినచర్యలోనే, రోజుకు అనేకసార్లు 'ఇప్పుడేం జరిగింది, మనసెలా ఉంది' అని రాయించారు. ఏదైనా మంచి జరిగినప్పుడు వారి మనసు కూడా తేలికపడింది. పైగా ఆరోగ్యవంతులకంటే ఎక్కువగా తేలికపడింది. కాకపోతే అలాంటి మంచి సంఘటనలు వారి రోజులో తక్కువని మొదటి అధ్యయనంలోనే తేలింది.

కనుక మిత్రులారా! నిన్నటి నవ్వు నిజమే, నేటి మంచమూ నిజమే. నవ్వినంత మాత్రాన జబ్బు అబద్ధం కాదు, తగ్గిపోయినట్టూ కాదు. ఆ నవ్వు చూసి మందులు ఆపించకండి. "నిన్న బాగానే ఉన్నావుగా" అని దెప్పకండి. దెప్పితే ఆ మనిషి నవ్వడానికి కూడా జంకుతాడు.

మనసు బాగుపడ్డాక పనిచేద్దామని రోగి ఎదురుచూస్తాడు. నిజానికి చిన్న పని ముందు నడిస్తే మనసు వెనుక వస్తుంది. అమెరికాలో పీటర్ లెవిన్‌సన్ 1970లలో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, డాక్టర్లు కాని శిక్షణ పొందిన సామాన్యులే 6 నుంచి 8 సార్లు రోగులతో మాట్లాడి, చిన్న చిన్న పనులు చేయించారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటే వీరిలో ఎక్కువమంది కోలుకున్నారని 2016 డిసెంబరులో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

సంతోషం వేరు, సార్థకత వేరు. మా బావగారికి బైపోలార్. కుంగిన రోజులలో పేపరు కూడా ముట్టరు. కాని పెరట్లో కనకాంబరాలకు నీళ్లు పోస్తారు. "సంతోషమేం లేదోయ్. నేను పోయకపోతే ఎండిపోతాయి" అన్నారొకసారి. తన అవసరం ఇంకా ఒకదానికి ఉందన్న ఆ ఎరుకే ఆయనను మంచం దింపేది. అందుచేత పెద్దవారి చేతిలోని పనులన్నీ ప్రేమ పేరుతో లాగేసుకోకండి. శక్తికి తగిన పని ఒకటి వారికే వదిలిపెట్టండి.

బైపోలార్ ఉన్న ఇంట్లో ఇంకొక చిక్కు ఉంది. బావగారు కూనిరాగం తీస్తే చాలు, మళ్లీ ఉద్రేక దశ వచ్చిందేమోనని మా అక్కయ్యకు గుండెదడ. తన ఇంట్లో తాను నవ్వడానికి అనుమతి కావలసి రావడం ఎంత బాధ! చివరికి డాక్టరుగారి సలహాతో, ఆయన బాగున్న రోజుల్లోనే, ప్రమాద సూచనలు ఆయన చేతే రాయించాం. నిద్ర తగ్గినా అలసట లేకపోవడం, ఆగని మాటలు, స్తోమతకు మించిన ఖర్చు, పెద్ద పెద్ద పథకాలు, ఊరికే చిరాకు. ఇవి రోజుల తరబడి కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి. పాట పాడి రాత్రి హాయిగా నిద్రపోతే అది మామూలు సంతోషమే. ఆ కాగితం అక్కయ్యకూ ఊరట, బావగారికీ గౌరవం.

ఫార్మసిస్టుగా రెండు హెచ్చరికలు. గతంలో అతి ఉత్సాహపు దశ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కుంగుబాటు మాత్రలు ఒక్కటే వాడితే కొందరిలో ఆ దశ తిరగబెట్టవచ్చు. లిథియం వాడేవారు క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, బి.పి.కి ఇచ్చే కొన్ని మందులు రక్తంలో లిథియంను పెంచుతాయి. కీళ్లనొప్పులని దుకాణంలో అడిగి వేసుకోవద్దు. వాంతులు, విరేచనాలైతే వెంటనే డాక్టరును సంప్రదించండి.

బ్రతకాలని లేదని ఎవరైనా అంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నెంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెన్షను పుస్తకం అట్ట మీద ఈ నెంబరు రాసుకోమని ప్రార్థన.