బందరుకి లవంగం ఎలా వచ్చింది?

బిర్యానీలో పంటి కిందకొచ్చి తిట్టించుకునే లవంగం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. నర్సరీలో లవంగం మొక్క చూడగానే దివిసీమలో మన దొడ్లో వేస్తే కాస్తుందా అని ఆశ పుడుతుంది. ముందే చెప్పేస్తున్నా, కష్టం.

అసలు లవంగం కాయ కాదు, విచ్చుకోని మొగ్గ. చెట్టు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, ఆకు నలిపినా అదే వాసన. మొదటి పూతకే 7, 8 ఏళ్ళు పడుతుంది. మొగ్గ గులాబీ రంగుకి తిరగ్గానే చేత్తో కోసి ఎండబెడతారు. మూడు కిలోల పచ్చి మొగ్గలకి సుమారు కిలో లవంగాలు వస్తాయి. ఆ రేటు ఊరికే లేదు!

దానికి నీళ్ళు నిలవని వదులు నేల, 150 సెంటీమీటర్లకి తగ్గని వాన, నీడ కావాలి. కన్యాకుమారి కొండల్లో అవన్నీ ఉన్నాయి, అక్కడి లవంగానికి 2021లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మనకున్నది నీళ్ళు నిలిచే నల్లనేల, సముద్రం పక్కన ఉప్పునేల, మే నెల వడగాలి. కుండీలో సరదాగా పెంచుకోండి గానీ, మొగ్గల ఆశతో డబ్బు పెట్టకండి. దొడ్లో చెట్టే కావాలంటే లవంగానికి దాయాది ఉంది, నేరేడు. రెండూ ఒకే ప్రజాతి. అది మన బురదని తట్టుకుంటుంది.

మరి చెట్టే పెరగని బందరుకి లవంగంతో ఏం పని? చాలా ఉంది. 400 ఏళ్ళ కిందట లవంగం పండింది ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవుల్లోనే. 1602లో పుట్టిన డచ్చి కంపెనీ అక్కడికి వెళ్తే, ఆ దీవుల జనం అడిగింది గుడ్డ. అదీ మన తీరం గుడ్డ! అందుకే 1605లో డచ్చివాళ్ళు బందరులో దిగారు, మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను నుంచి ఫర్మానా తెచ్చుకున్నారు. చిరివేరుతో ఎర్రరంగు అద్దిన గుడ్డలు ఓడెక్కేవి, లవంగాలు, జాజికాయ, జాపత్రి మన రేవులో దిగేవి. కోరమాండల్ తీరం మలుకు దీవులకి ఎడమ చెయ్యి లాంటిదని 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారే రాశాడు.

మసాలాల కోసం యూరప్ వాళ్ళు వచ్చారని బళ్ళో చదువుకున్నాం కదా. బందరుకి మాత్రం వాళ్ళు వచ్చింది గుడ్డ కోసం. ఈసారి పెడన కలంకారి చూస్తే ఇది గుర్తు చేసుకోండి. బందరులో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడండి.

కథలో చేదు కూడా ఉంది. ధర పడకూడదని 1652 నుంచి డచ్చివాళ్ళు అంబాన్ వైపు తప్ప మిగతా దీవుల్లో లవంగం చెట్లు నరికించారు. తర్వాత, 1770లో పియర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అధికారి పూనుకుని మొక్కల్ని మారిషస్‌కి దాటించాడు. అలా జాంజిబార్, మడగాస్కర్‌ దాకా పాకింది. మన దేశపు పంట మన వంటిళ్ళకే చాలదు, ఇప్పటికీ దిగుమతి చేసుకుంటున్నాం.

కొనేటప్పుడు ఒక్క పరీక్ష చేయండి. నీళ్ళలో వేస్తే మంచి లవంగం మునుగుతుంది, లేదా నిలువుగా తేలుతుంది. నూనె పిండేసింది అడ్డంగా తేలుతుంది. కిలో కోడికూరకి నాలుగైదు చాలు. ఎక్కువైతే చేదు, నాలుక మొద్దుబారుతుంది. నూనె కాగాక లవంగం వేసి, అది ఉబ్బగానే ఉల్లిపాయ వేసేయండి, మాడనివ్వకండి.

వచ్చే ఎపిసోడ్‌లో జాజికాయ.