సీటు జాబు వచ్చేనాటికి మనం సిద్ధమేనా?



మీ సాయంతో డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి అమెరికాలో పబ్లిక్ పాలసీ మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టుకుంది. రేషన్, పింఛను, బడి వంటి పథకాలు ఎక్కడ ఫలిస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో లెక్కలతో తేల్చే చదువది. అక్కడ దరఖాస్తుల గడువు చాలావరకు డిసెంబరు, జనవరిలో ముగుస్తుంది. జవాబులు ఎక్కువగా మార్చిలో వస్తాయి. ఆ రెండు మూడు నెలలూ ఆ ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. ఫోన్ మోగితే చాలు, తండ్రి కుట్టుమిషన్ ఆపేసేవారు. జవాబు మెయిల్లో వస్తుందని కూతురు ఎన్నిసార్లు చెప్పినా అంతే!

నిరుడు సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ సగం ఫీజుకే. చాలాచోట్ల ఏప్రిల్ 15లోగా ఒప్పుకోవాలి, అడ్వాన్సు కట్టాలి. మన కమిటీ కూర్చున్నది మేలో. తప్పు మాదే. నిరుడు రంజాన్ మార్చిలోనే వచ్చింది గనుక డబ్బు ఉంది, నిర్ణయమే లేదు.

ఇకపై డబ్బుకూ ఇబ్బందే. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2028లో జనవరి చివరికే మొదలవుతుంది. జాబులు వచ్చేసరికి విరాళాలన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. అందుకే కొంత సొమ్ము ఏప్రిల్ దాకా విడిగా ఉంచాలని, దాన్ని వెంటనే మంజూరు చేసే అధికారం ముగ్గురు సభ్యులకు ఇవ్వాలని కోరుతున్నాం. జకాత్ సొమ్ము విషయంలో ఉలమాలను అడిగే ముందుకు వెళ్తాం.

ఆ అమ్మాయి ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టింది. జవాబు మార్చిలో రావాలి.