ఎమ్మారై పరీక్షకు పోవునపుడు

గోదావరిఖని, రామగుండము ప్రాంతములలోని బొగ్గు కార్మికుల ఇండ్లలో నడుమునొప్పి క్రొత్త మాట కాదు. బరువు లెత్తుట, వంగి పనిచేయుట, కుదుపు యంత్రములపై గంటల తరబడి కూర్చుండుట వెన్నెముకకు చేటు. అట్టివారిని వైద్యుడు ఎమ్మారై తీయించుకొమ్మన్నపుడు ఇంటిల్లిపాదికి దిగులు కలుగును. అందులో ఏది అనవసరమైన భయమో, ఏది అవసరమైన జాగ్రత్తయో మేము ఈ ప్రసంగములో వివరింపదలచితిమి.

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణములు లేవు. మన దేహములోని నీటియందు హైడ్రోజన్ ఉన్నది. బలమైన అయస్కాంతము ఆ పరమాణువుల కేంద్రకములను ఒక వరుసకు తెచ్చును. రేడియో తరంగములు వానిని కదలించును. అవి మరల యథాస్థితికి వచ్చునపుడు వెలువడు సంకేతములను కంప్యూటరు చిత్రముగా కూర్చును. శ్రోతల ఇంటి రేడియో అందుకొనునవియు ఈ జాతి తరంగములే. 1977లో మనుష్యదేహమును మొదట చిత్రించుటకు సుమారు ఐదు గంటలు పట్టినది. నేడు సాధారణముగా 20 నుండి 45 నిమిషములు చాలును.

రోగిని బల్లపై పడుకొనబెట్టి, రెండు వైపుల తెరచియున్న గొట్టములోనికి పంపుదురు. డ్రిల్లు కొట్టినట్లు పెద్ద చప్పుడగును. చెవులకు రక్షణ ఇత్తురు. కదలినచో చిత్రము చెదరును. చేతిలోని మీట నొక్కినచో సిబ్బంది పలుకుదురు. ఇరుకు చోటు భయమున్నవారు ముందే చెప్పవలెను.

ఇక జాగ్రత్త. సాధారణముగా వాడు 1.5 టెస్లా అయస్కాంతము భూమి అయస్కాంత క్షేత్రమునకు దాదాపు 30,000 రెట్లు బలమైనది. పరీక్ష లేనపుడును అది పనిచేయుచునే యుండును. తాళపుచెవులు, సెల్‌ఫోను, మొలత్రాటి తాయెత్తు, మంగళసూత్రమునకు తగిలించిన పిన్నీసులు, అన్నియు బయటనే ఉంచవలెను. సిబ్బంది కోరినచో మంగళసూత్రమును కూడ కొంతసేపు తీసి ఇంటివారి చేతికిచ్చుట దోషము కాదు.

బయట కనబడని లోహము మరింత ముఖ్యము. వర్క్‌షాపులో ఇనుము కోయునపుడో, వెల్డింగు చేయునపుడో ఎన్నడో కంటిలో ఉక్కురజను పడియుండవచ్చును. తీసివేసితిమనుకొన్నను చిన్న తునక మిగిలినచో, అయస్కాంతము దానిని కదలించి చూపునకే హాని చేయగలదు. ముప్పది యేండ్ల నాటి సంగతియైనను చెప్పవలెను. అపుడు ముందుగా కంటికి ఎక్స్‌రే తీసి చూతురు. పరీక్ష నిలిచిపోవునేమో, పనికి అడ్డమగునేమో అని దాచుట తగదు.

పేస్‌మేకరు, ఎముకలో బిగించిన ప్లేటు, ప్రేలుడులో దిగిన తునక ఉన్నవారు, గర్భిణులు, మూత్రపిండముల జబ్బున్నవారు కూడ ముందే తెలుపవలెను. పాత ఆపరేషను కాగితములు వెంట తీసుకొనిపోవుట మేలు. కార్మికునికి మరపు వచ్చినచో, ఆనాడు అతని కన్ను కడిగిన ఇల్లాలికి గుర్తుండవచ్చును. ఆమెయు వెంట పోవుట మంచిది.