కొద్ది చేతులు, పెక్కు పనులు

ఇల్లు కట్టించినవారికెల్ల ఇది అనుభవమే. తొలకరి ముంచుకొని వచ్చుచుండును. పనులు పెక్కు, చేతులు కొద్ది. ఏ పని ముందు, ఏ పని వెనుక? ఈ వరుసను నిర్ణయించు ఉపాయములను గూర్చియే నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచితిమి.

1957లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి 'క్రిటికల్ పాత్' పద్ధతిని రూపొందింప నారంభించిరి. పనుల గొలుసులలో అన్నింటికంటె దీర్ఘమైనదే మొత్తము గడువును నిర్ణయించునని దాని సారము. అయితే ఆ లెక్క, కావలసినంతమంది పనివారు దొరకుదురని తలచును. ఆ తలంపు నిలువనిచోటనే చిక్కు.

అన్ని వరుసలను పరీక్షించి మేలైనదానిని ఏరుకొనరాదా యని అడుగవచ్చును. 20 పనులను వరుస పెట్టు విధములే 24 వేల కోట్ల కోట్లకు మించును! ఈ సమస్య మిక్కిలి కఠినమైన తరగతికి చెందినదని 1983లో బ్లాజేవిచ్, లెన్‌స్ట్రా, రినూయ్ కాన్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. కావున సర్వశ్రేష్ఠము కాకున్నను, చాలినంత మంచి వరుసను శీఘ్రముగా చూపు సూత్రములను ఆశ్రయింతుము. వీనినే హ్యూరిస్టిక్ పద్ధతులందురు.

ఒక ఉదాహరణము. తాపీపనివారు ఇద్దరు. అరుగుకు 2 రోజులు, ప్రహరీకి 2 రోజులు, మెట్లకు 4 రోజులు పట్టును. ఒక్కొక్క పనిని ఒక్కరే చేయవలెను. చిన్న పనులను ముందు పెట్టినచో అరుగు, ప్రహరీ 2 రోజులలో ముగియును, పిమ్మట మెట్లకు 4 రోజులు, మొత్తము 6. పెద్ద పనిని ముందు పెట్టినచో ఒకరు మెట్లు కట్టునంతలో రెండవవారు తక్కిన రెండును ముగింతురు, మొత్తము 4. చేతులు అవియే, మారినది వరుస మాత్రమే.

ఖాళీ చేతికి పని ఉండగా ఊరక నిలుపకున్నచో, ఇట్టి పనులలో ఇద్దరికి పట్టు కాలము ఏ వరుసకైనను శ్రేష్ఠకాలమునకు ఒకటిన్నర రెట్లు మించదని 1966లో రొనాల్డ్ గ్రాహమ్ చూపెను. మన 6 రోజులు సరిగా ఆ హద్దును తాకినవి. ఆయన చూపిన మరియొక వింత: పనులు ఒకదానిపై ఒకటి ఆధారపడినపుడు, వరుస మార్చక పనివానిని అదనముగా చేర్చినచో గడువు ఒక్కొక్కప్పుడు పెరుగుటయు కలదు!

కావున ఒక సూత్రమునే నమ్మరాదు. పెద్ద పని ముందు, జాప్యమునకు తావు తక్కువైనది ముందు, ఇట్లు రెండు మూడు విధముల లెక్కించి మేలైనదానిని గైకొనుట వివేకము.

6 రోజుల ఏర్పాటులో ఒక పనివాడు చివరి 4 రోజులు కూలి లేక కూర్చుండెను. ఆ దోషము అతని సోమరితనము కాదు, వరుస వ్రాసినవారిది. గడువు తప్పినపుడు పనివానిని నిందించుటకు ముందు ఆ కాగితమును మరల చూడవలెనని మా మనవి.